నిండు గ్లాసు చాయ్

అమ్మా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఆరు నెలలైంది. మగ్గం మళ్లీ నడుస్తోంది. నీ కోడలు కండెలు చుడుతోంది. నేనే కాస్త చిక్కాను.

నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పెద్దకొడుకుని కదా, నీ దినాలు అయ్యేదాకా ఒంటిపూట తిన్నాను, అదీ ఉప్పు లేకుండా. బయటేమో ఎండ మండిపోతోంది. మనసు అదుపు తప్పకుండా వేసుకునే లిథియం మాత్ర మాత్రం మానలేదు, నీకిచ్చిన మాట అది. ఒంట్లో ఉప్పు తగ్గితే ఆ మందు బయటికి పోక పేరుకుంటుందని నాకేం తెలుసు?

ముందు వాంతులు. తర్వాత చేతులు వణికాయి, పోగు పట్టుకుంటే జారిపోయేది. మాట ముద్దయింది, నడక తూలింది. చుట్టాలు తాగాననుకున్నారు... నీ దినాల్లో తాగుతానా అమ్మా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దవాఖానకు నీ కోడలే తీసుకెళ్లింది. రక్తంలో మందు మితిమీరిందన్నారు. మాత్ర ఆపి సెలైన్లు ఎక్కించారు. చేతులు పోతే నేతగాడికి ఇంకేం మిగులుతుంది? పడుకుని అదే ఏడ్చాను.

కోలుకున్నాక, ఆ మాత్ర రాసిచ్చే డాక్టరమ్మ నిండు గ్లాసు నీళ్లిచ్చి నడవమంది. ఇట్లా కనిపెట్టమని ఎప్పుడో నీకు చెప్పిందట.

"చాయ్ గిలాస నిండ పొయ్యి బిడ్డా, గడప కాడికొచ్చెదాంక సుక్క ఒలకొద్దు" అనేదానివి రోజూ పొద్దున. కోడలు తెస్తానన్నా వద్దనేదానివి. కొడుకు మీద పెత్తనం అనుకుని నవ్వుకునేవాణ్ని. గడపలో కూర్చుని నువ్వు చూసింది నా చేతులనా అమ్మా? ఒకసారి చాయ్ ఒలికితే ఆ పూటే రక్తపరీక్షకు పంపావు, అప్పుడైనా అర్థం కాలేదు...

నువ్వు పోయాక నన్ను చాయ్ అడిగేవాళ్లే లేరు.

చుట్టాలిప్పుడు ఆ మాత్రే వద్దంటున్నారు. అది లేని రోజుల్లో నిద్ర లేకుండా తిరిగి, నేసిన చీరలన్నీ బజారులో పంచిపెట్టాను కదా? డాక్టరమ్మ మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఉప్పు మానొద్దు, నీళ్లు తాగు, రక్తపరీక్ష ఎగ్గొట్టకు అంది. "మందు మంచిదే గని, జర కనిపెట్టుకుంట ఉండాలె" అని నువ్వు చెప్పిందీ అదే.

ఇప్పుడు నీ కోడలికి రోజూ చాయ్ నేనే తెస్తున్నాను. ఎందుకో ఇద్దరికీ తెలుసు, పైకి అనుకోం.

రేపు నీ మాసికం. ఉప్పు వేసుకునే తింటాను, కోపం పెట్టుకోకు. నీ పటం ముందు చాయ్ పెడతాను, నిండుగా. దారిలో ఒలికిందా, ఆ పూటే దవాఖానకు పోతాను.

నీ పెద్దకొడుకు