నడిస్తే బండి, కూర్చుంటే నడక

మత్తిగిరి, సోమవారం

శ్రీమతి నాగవేణి గారికి కాలనీ సంఘం కార్యదర్శి బాలాజి నమస్కారాలు.

నడక పోటీకి మేమిచ్చిన, అడుగులు లెక్కపెట్టే చేతి బ్యాండు ప్రకారం మీరు రోజూ ఉదయం ఆరు నుంచి ఆరున్నర దాకా వాహనంలో వెళ్తున్నారు. ఆ నడక చెల్లదు. మళ్లీ జరిగితే మీ పేరు తొలగిస్తాం.

ఇట్లు,
బాలాజి

తా.క.: బండి ఎవరిదో చెప్పనక్కరలేదు.

మంగళవారం

కార్యదర్శి గారికి నమస్కారం.

నాకు సైకిలు కూడా రాదు. ఆ అరగంట గుర్రప్ప ఇంటి నుంచి పాలు తెస్తాను. క్యాను మూత వదులు కాబట్టి చెయ్యి కదపను. చెయ్యి ఊగని మనిషి మీ బ్యాండుకు బండిలా కనిపిస్తే తప్పు నాదా? ఏ రోజు ఏ దారిన ఎంతసేపు నడిచానో నోటుబుక్కులో ఉంది, నకలు జతచేశాను. ముగ్గుల పోటీలో, వంటల పోటీలో, చివరికి తంబోలాలో కూడా ఈ కాలనీలో నాది రెండో స్థానమే. ఈసారి మొదటిది వదులుకోను.

ఇట్లు,
ఈ ఉత్తరం నడిచే తెచ్చిన నాగవేణి

తా.క.: ఆదివారం బస్సులో అంచెట్టి వెళ్లాను. గుంతల రోడ్డులో కమ్మీ పట్టుకుని కూర్చుంటే బ్యాండు పదకొండు వేల అడుగులు చూపింది. అవి కొట్టేయండి.

బుధవారం

నాగవేణి గారికి,

బ్యాండు మాట కాదనే అధికారం నాకు లేదు. కనుక అంచెట్టి అడుగులు ఉంటాయి, పాల అడుగులు పోతాయి. ఇకపై చేతులు ఊపి నడవండి.

ఇట్లు,
బాలాజి

తా.క.: మీతో పోటీలో ఉన్న గంగాభవాని గారు చక్కగా ఊపుతున్నారు.

శుక్రవారం

కార్యదర్శి గారికి,

ఊపాను. సగం పాలు చీర మీద పడ్డాయి. ఆటో మారియప్ప బండి ఆపి, "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు. "వద్దప్పా, నడస్తా ఉండా" అన్నాను. "నడిచేదానికి నన్నేల పిలిస్తివి?" అని కోప్పడి పోయాడు. మీరే ఒకసారి అంచెట్టి బస్సెక్కి చూడండి.

ఇట్లు,
చెయ్యి నొప్పితో నాగవేణి

తా.క.: వెనక సీట్లో కూర్చోండి. ఇంకా బాగా నడుస్తారు.

సోమవారం

నాగవేణి గారికి,

పోటీలో నాకూ ఒక బ్యాండు ఉంది, నిన్న అది కట్టుకుని వెళ్లాను. వెనక సీట్లో నిద్రపోతూ పద్నాలుగు వేల అడుగులు నడిచాను. తిరుగుదారిలో బస్సు చెడిపోయింది. అంచెట్టిలో కొన్న పనసపండును రెండు చేతులా పట్టుకుని మూడు కిలోమీటర్లు నడిస్తే బ్యాండు వాహనం అంది. బ్యాండ్లు వెనక్కి పంపేస్తున్నాం. ఇక అందరి నడకా నోటుబుక్కులోనే. అలా రాయగలిగింది మీరొక్కరే కాబట్టి మిమ్మల్ని న్యాయనిర్ణేతగా ఎన్నుకున్నాం. న్యాయనిర్ణేత పోటీలో ఉండకూడదు, క్షమించాలి.

ఇట్లు,
నడుం పట్టేసిన బాలాజి

తా.క.: నిన్నటి జాబితాలో మొదటి స్థానం నాది. సిగ్గుగా ఉంది.

మంగళవారం

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రాత్రి అన్నం సహించలేదు. పొద్దున ఒప్పుకున్నాను. తొలి తీర్పు: మీ పద్నాలుగు వేలు కొట్టేశాను, పనసపండు మోసిన మూడు కిలోమీటర్లు కలిపాను. మీరిప్పుడు చివరి స్థానం. రేపు ఆరింటికి గంగాభవానిని రమ్మనండి, పక్కన నడిచి లెక్క రాసుకుంటాను.

ఇట్లు,
న్యాయనిర్ణేత నాగవేణి

తా.క.: న్యాయనిర్ణేతను నేనొక్కదాన్నేనా? ఇంకొకరు ఉంటే వారి పేరు రెండోది వేయండి.