కళ్ళకద్దుకున్న నెయిల్ కట్టర్

నాన్నా,

గోళ్ళపని పరీక్ష పాసయ్యాను! ఇక లండన్‌లో ఏ బ్యూటీ పార్లర్‌లోనైనా పనికి చేరొచ్చు.

పెనుగొండలో పెళ్ళికూతుళ్ళకు గోళ్ళు తీసేముందు నువ్వు కత్తిని కళ్ళకద్దుకునేవాడివి కదా! పరీక్షలో నేనూ నెయిల్ కట్టర్‌ని అలాగే అద్దుకున్నాను. పరీక్ష పెట్టే ఆవిడ వెంటనే ఆపేసింది. శుభ్రం చేసిన పనిముట్టు ముఖానికి తగిలితే ఇక వాడకూడదట!

"మా నాన్న అలవాటండీ," అని కంగారులో తెలుగులోనే అనేశాను. ఆవిడకేం అర్థమైందో, నవ్వి ఇంకొకటి ఇచ్చింది. దాన్ని మనసులోనే అద్దుకుని, పది గోళ్ళూ నీలాగే నెత్తురుచుక్క రాకుండా తీశాను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సర్టిఫికెట్ కూడా ఇవాళే చేతికొచ్చింది. తనివితీరా కళ్ళకద్దుకున్నాను. ఈసారి ఆపడానికి ఎవరూ లేరు, నాన్నా.