దయ్యానికి పెట్టిన దగ్గు

అమ్మడూ,

అమ్మను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళుతున్నాను. పోయినసారే డాక్టరు పెదవి విరిచాడు. అన్నం వండి మూతపెట్టాను, నీ స్నేహితులకూ సరిపోతుంది. మీ దయ్యం సినిమాకు నడిమిగది వాడుకోండి. మంచం తలవైపు ఎత్తుపెట్టిన ఇటుకలు మాత్రం తీయకండి. తిరిగొస్తే, అమ్మకు ఊపిరాడటానికి కావాలి.

మీరు సినిమా కోసం ఇంటింటా పంచిన ప్రశ్నల కాగితం నేను నింపలేదని, "మా నాన్నకు దేనికీ భయం లేదులే" అని అందరిముందూ అన్నావు.

సినిమాలో దయ్యం గొంతుకు పెడతానని నువ్వు అమ్మ దగ్గును ఫోనులో రికార్డు చేసుకుంటే, "నా గొంతూ సినిమాకెక్కింది" అని నవ్వింది. చాన్నాళ్ళకు నవ్వింది.

నాన్న

మీ కాగితంలో, 'ఇంట్లో మిమ్మల్ని భయపెట్టే చప్పుడేది?' అని ఉంది. చప్పుడు కాదు. అమ్మ దగ్గు ఆగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి గుమ్మం దాకా వచ్చి చూస్తాను. ఆ ఫోనులోని దగ్గు చెరిపేయకు.