ముప్పై తొమ్మిది నంబరు కారు

బాబాజాన్, ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెప్పడానికి నోరు రాక, ఈ కార్డు మీ ఊరికొచ్చే మజార్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అతను చదివితే చదవనీ.

మీ అల్లుడు హుమాయూన్ కొత్త కారు కొన్నారు. దానికి చివర ముప్పై తొమ్మిది ఉన్న నంబరు పలక వచ్చింది. అది ఆడవాళ్ళను తార్చేవాళ్ళ నంబరని కాబూల్లో ఎంత ఎగతాళో మీకు తెలియనిదా? పలక మార్చమంటే ఆఫీసువాళ్ళు మార్చరు, కారు అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఆయన పలకకు బురద పూసి ఒక్కరే తిరిగేవారు. నన్ను ఎక్కించుకుంటే ఒట్టు.

మొన్న శుక్రవారం వీధి పిల్లలు కారు చుట్టూ చేరి, "హుమాయూన్ కాకా, బేరం ఎంత?" అని అరిచారు. ఆయన తల వంచుకున్నారు. అత్తగారు కర్ర పట్టుకుని బయటికొచ్చి, తన తలమీది చాదరు అంచుతో ఆ బురదంతా తుడిచేశారు.

"అవున్రా, ముప్పై తొమ్మిదే! నా ముప్పై తొమ్మిదో ఏట కన్నాను వీణ్ణి. అప్పుడు సిగ్గుపడ్డానా, ఇప్పుడు సిగ్గుపడటానికి? ఒరేయ్ హుమాయూన్, తలెత్తి నడుపు. కోడలా, ఎక్కవే!" అన్నారు.

ఎక్కాను.

మోకాలికి నూనె రాస్తున్నారా? అమ్మ నాటిన బాదం పూసిందా? అత్తగారు ఎండు ఖర్బూజా అడుగుతున్నారు, కాస్త దాచి ఉంచండి.

నవ్‌రోజ్ పండక్కి ఆ కారులోనే వస్తున్నాం, పలక శుభ్రంగా కడుక్కుని మరీ. మీరు ఇంట్లోనే ఉండిపోకండి, బాబా. నలుగురూ చూస్తుండగా వీధిలోకి ఎదురొచ్చి, ముందు మీ అల్లుడి నుదుట ముద్దు పెట్టండి. నాకు ఆ తర్వాతే.

మీ చేతులు కళ్ళకద్దుకుంటూ,
పర్వీన్