బల్ల మీద రెండు దెబ్బలు

మార్చి 5, బుధవారం. ఉదయం 9.00

ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో తెలియదు. వారికి వందనాలు. నా దస్తూరి బాగుండదు, క్షమించాలి. ఒత్తులు కూడా తప్పుతాయి. మా ఊరి మిషను బడిలో అయిదు వరకు చదివాను. తర్వాత ముప్పై నాలుగేళ్ళు కాలవ మీద లస్కరుగా చేశాను. తూము తలుపులు ఎత్తటం, దించటం, రెండు పూటలా నీటి మట్టం పుస్తకంలో ఎక్కించటం. నేను రాసింది అంతే. మాట్లాడింది అంతకంటే తక్కువ.

ఈ రోజు శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు, మొదలు. మా పాస్టరు డేనియల్ అయ్యగారి భార్య కృప అమ్మగారు సంఘంలో తలా ఒక నోటు పుస్తకం పంచారు. ఈస్టరు దాకా ఒక తీర్మానం పెట్టుకోవాలి. జరిగింది జరిగినట్టు రాయాలి. పండగ అయ్యాక పుస్తకాలు మార్చుకుంటారు. ఎవరిది ఎవరికి వస్తే వారు చదివి, ప్రోత్సాహంగా నాలుగు మాటలు రాసి తిరిగి ఇవ్వాలి.

కొందరు కాఫీ మానేస్తామన్నారు. మా ఇంటిది మణెమ్మ టీవీ సీరియళ్ళు మానేస్తానంది.

నా తీర్మానం: నలుగురిలో పైకి ప్రార్థన చేయటం.

దానికి కారణం జక్కయ్య. నాకంటే రెండు నెలలు పెద్ద. మా గుడిలో పాట ఎత్తేది అతనే, ప్రార్థన మొదలుపెట్టేది అతనే. యాభై ఏళ్ళుగా ముందు బల్ల మీద అతని పక్కన కూర్చుని నేను ఆమేన్ అంటున్నాను. ఇప్పుడు అతని గొంతులో గడ్డ లేచింది. ఈ నెల 28న విజయవాడలో ఆపరేషను. ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం ఇక రాదు.

మొన్న ఆదివారం గుడి బయట చెప్పులు వెతుక్కుంటుంటే నా పక్కకు వచ్చాడు. గొంతు అప్పటికే బొంగురు.

“ఒరే ఆరోన్, నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు ప్రార్థన నువ్వు చెయ్యాల.”

“అయ్యగారున్నారుగా.”

“ఆయన చేస్తే మత్తు సూది అక్కర్లేదు. నువ్వే చెయ్యి. ఇన్నాళ్ళూ నేను చేస్తే నువ్వు ఆమేన్ అన్నావు. ఒక్కసారి నువ్వు చేస్తే నేనంటా. ఆ తర్వాత అనలేను కదా.”

సరే అన్నాను. ఒక చెప్పు దొరక్క ఆ ధ్యాసలో అనేశాను.

ఇరవై మూడు రోజులున్నాయి. చాలా ఎక్కువ.

మార్చి 6, గురువారం. ఉదయం 5.30

కాలవ గట్టుకు వెళ్ళాను. ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని “తండ్రీ” అని గట్టిగా అన్నాను. కొంగ ఒకటి లేచిపోయింది. మొదటి రోజుకు ఇది బాగా జరిగినట్టే.

పని ఇలా పంచుకున్నాను:

1. ఈ వారం కాలవ గట్టు.
2. వచ్చే వారం ఇంట్లో, మణెమ్మ ముందు.
3. ఆపై శుక్రవారం ఇంటి కూటంలో.
4. 28న ఆసుపత్రిలో.

తూము తలుపు కూడా ఒక్కసారిగా ఎత్తం. కొంచెం కొంచెంగా ఎత్తుతాం. నీళ్ళు వాటంతట అవే వస్తాయి.

అన్నం ముందు ప్రార్థన నేను రోజూ పైకే చేస్తాను. చిన్నప్పుడు నాయనమ్మ నేర్పింది. వినేది మణెమ్మ ఒక్కతే, అదీ సగం. కాబట్టి దాన్ని లెక్కలో వేయటం లేదు.

మార్చి 7, శుక్రవారం. రాత్రి 8.00

పట్టికలో మూడోది ముందే వచ్చిపడింది. ఈ వారం కూటం జక్కయ్య ఇంట్లో. గొలుసు ప్రార్థన అన్నారు. అంటే గుండ్రంగా కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలా కొంచెం చేయాలి. పదకొండు మందిమి. నేను ఏడోవాణ్ణి. నాలుగో మనిషి దగ్గరే నాకు చెమట పట్టింది.

ఆరో మనిషి ముగించింది. నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. ఎనిమిదో మనిషి అందుకుంది.

దారిలో మణెమ్మ అంది, “దగ్గులో భారం ఉందయ్యా. అందరం కళ్ళు మూసుకునే విన్నాం.”

దుమ్ము వల్ల వచ్చిన దగ్గు. వచ్చే శుక్రవారం చూసుకుందాం.

మార్చి 9, ఆదివారం

మణెమ్మ సీరియల్ చూస్తోంది. వారం మధ్యలో ఏమయిందో తెలుసుకోవటానికి మాత్రమేనట.

నేను ఇంకా తీర్మానంలోనే ఉన్నాను.

మార్చి 11, మంగళవారం. ఉదయం 6.00

జక్కయ్య తానే గట్టుకు వచ్చాడు. లాకు గోడ మీద కూర్చుని, “కానీ, విందాం” అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. మాట వచ్చింది. నాకే ఆశ్చర్యం వేసింది.

“దేవా, నేడు మంగళవారం. ఉదయం ఆరు గంటలు. గాలి లేదు. జక్కయ్య గొంతులో గడ్డ ఉన్నది. గత వారం కంటే ఎక్కువ.”

గోడ మీద రెండు దెబ్బలు వినిపించాయి.

పాటల గుంపుకు నేర్పేటప్పుడు ఎవరైనా శ్రుతి తప్పితే అతను బల్ల మీద రెండు దెబ్బలు కొడతాడు. ఆపమని. మా సంఘంలో పిల్లలకు కూడా తెలుసు. ఒకసారి అయ్యగారి ప్రసంగానికి కూడా కొట్టాడు. అయ్యగారు ఆపారు.

“దేవుడికి నీటి మట్టం రాసి పంపుతున్నావట్రా?” అన్నాడు.

“మరేం చెప్పాలి?”

“నీకేం కావాలో చెప్పు.”

నాకేం కావాలో అతని ముందు చెప్పటం కుదరదు. ఇంటికి వచ్చాను.

మార్చి 14, శుక్రవారం

కూటానికి వెళ్ళలేదు. తలనొప్పి. నిజంగానే కొంచెం ఉంది.

మార్చి 16, ఆదివారం

కొత్త ఉపాయం. ప్రార్థన కాగితం మీద రాసుకున్నాను. పన్నెండు వరసలు. మంచి మాటలు పడ్డాయి. చొక్కా జేబులో పెట్టాను.

సాయంత్రం 5.00. మణెమ్మ చొక్కా ఉతికింది. కాగితం ముద్ద అయింది. నేను కావాలనే చొక్కా బకెట్లో వేశానంటోంది. సగం నిజం.

మార్చి 18, మంగళవారం. ఉదయం 10.00

నిజం చెప్పేయాలనుకున్నాను. ఆసుపత్రిలో ప్రార్థన మీరే చేయండి అని అడగటానికి అయ్యగారింటికి వెళ్ళాను.

“అయ్యగారూ, 28న...” అన్నాను.

“అర్థమైందండీ ఆరోన్ గారూ. లేఖనాల్లో మీ పేరు గలాయన ఎంత మాటకారి. మీకూ ఇస్తాడు మాట. ప్రార్థిద్దాం” అని నా తల మీద చెయ్యి పెట్టారు.

గోడ గడియారం నాకు ఎదురుగా ఉంది. పదకొండు నిమిషాలు చేశారు. తర్వాత అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. తాగి వచ్చాను.

మార్చి 19, బుధవారం. ఉదయం 5.30

ఎండగా ఉంటుందని గట్టుకు వెళ్ళలేదు.

మార్చి 21, శుక్రవారం

జక్కయ్య భార్య తెరేసమ్మ మా ఇంటికి వచ్చింది. కరివేపాకు కోసం.

“అన్నయ్యా, ఆయన ఊళ్ళో కనిపించినవాళ్ళందరికీ చెప్తున్నాడు, మా ఆరోన్ ప్రార్థన చేసి పంపిస్తాడు నన్ను అని. టీ కొట్టు దగ్గర కూడా చెప్పాడంట.”

నేను కరివేపాకు కోసి ఇచ్చాను.

“భయపడుతున్నాడు అన్నయ్యా. ఆపరేషనుకు కాదు. ఆఖరి మాట ఏ మందు గురించో, ఏ దుప్పటి గురించో అయిపోతుందేమోనని. ఆమేన్ అయితే బాగుంటుందంటాడు.”

ఆమె వెళ్ళాక కూడా కరివేపాకు కోస్తూనే ఉన్నానట. కొమ్మ సగం ఖాళీ చేశానని మణెమ్మ అరిచింది.

మార్చి 23, ఆదివారం

గుడిలో జక్కయ్య పాట ఎత్తాడు. రెండో చరణంలో గొంతు విరిగింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ విరిగింది. అప్పుడు తను కూర్చునే బల్ల మీద తానే రెండు దెబ్బలు కొట్టుకుని కూర్చున్నాడు.

మిగతా పాట ఎవరూ పాడలేదు.

మార్చి 27, గురువారం

బస్సులో విజయవాడ. బస్టాండు నుంచి పటమట వైపు ఆటో. జక్కయ్యకు కిటికీ పక్కన మంచం దొరికింది. తెరేసమ్మ, నేను కింద చాప మీద. అయ్యగారు రేపు మైలవరంలో ఒక పెళ్ళి ఉండి రాలేకపోయారు. ఇక నేను తప్ప ఎవరూ లేరు.

మూడు వాక్యాలు బట్టీ పట్టాను. మూడే. తప్పటానికి వీల్లేదు.

మార్చి 28, శుక్రవారం

ఉదయం 7.40. ఆకుపచ్చ గౌను వేసి జక్కయ్యను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. తలుపు దగ్గర ఆపారు. నర్సు అమ్మాయి, “తాతగారూ, రెండు నిమిషాలండీ” అంది.

జక్కయ్య నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరేసమ్మ కొంగు తల మీద కప్పుకుంది.

మూడు వాక్యాల్లో ఒక్కటీ లేదు. వెతికాను. ఎక్కడా లేదు. ఆ తర్వాత నోరు దానంతట అదే తెరుచుకుంది. పైకి, స్పష్టంగా, తడబడకుండా ఇలా అన్నాను:

“పరలోకపు తండ్రీ, ఈ పూట మా ముందు పెట్టిన ఆహారం కొరకు స్తోత్రము. దీన్ని సిద్ధపరచిన చేతులను దీవించండి. ఏమీ లేనివారికి కూడా దయచేయండి. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ.”

అన్నం ప్రార్థన.

నర్సు అమ్మాయి మెల్లగా, “ఈయనకు నిన్నటి నుంచి ఏమీ పెట్టలేదండీ” అంది.

జక్కయ్య ఒళ్ళు కదులుతోంది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. బొంగురు నవ్వు. కళ్ళ వెంట నీళ్ళు.

“మంచినీళ్ళు కూడా ఇయ్యలేదురా నాకు. ఏ ఆహారంరా?”

నేను తల వంచుకున్నాను. అతను నా చెయ్యి గట్టిగా నొక్కి, ఉన్న గొంతంతా పెట్టి, “ఆమేన్” అన్నాడు. తలుపు మూశారు.

మధ్యాహ్నం 2.15. బాగా జరిగిందని డాక్టరు గారు చెప్పారు.

మార్చి 31, సోమవారం

లోపలికి రానిచ్చారు. మెడకు కట్టు, ముక్కులో గొట్టం. చేతికి పలక ఇచ్చారు. నన్ను చూడగానే రాశాడు:

“ఆహారం ఏదిరా?”

తెరేసమ్మ నవ్వింది. నేను బయటకు వచ్చి వరండాలో కూర్చున్నాను. యాభై ఏళ్ళు గుడి నిండా వినిపించిన గొంతు. దాని ఆఖరి మాట నా అన్నం ప్రార్థనకు పోయింది.

ఏప్రిల్ 6, ఆదివారం

సంగతి ఊరికి చేరింది. ఆరాధన అయ్యాక గుడిలో పెట్టే ప్రేమ విందులో పులిహోర వడ్డించగానే నలుగురు, “ఆరోన్ గారు ప్రార్థన చేస్తారు” అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను చేతులు కడుక్కోవటానికి వెళ్ళి ఇంటికి వచ్చేశాను.

గుడిలో ఇప్పుడు నాది వెనక బల్ల. బాగుంది. చెప్పుల దగ్గర. గాలి కూడా వస్తుంది.

ఏప్రిల్ 9, బుధవారం

తీర్మానం ముగిసింది. పుస్తకంలో పేజీలు మిగిలాయి. ఆవకాయ కొలతలు రాసుకోవటానికి ఇమ్మని మణెమ్మ అడిగింది. ఇస్తానన్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

మోకాలు నొప్పి. వెళ్ళలేదు.

ఏప్రిల్ 20, ఈస్టరు. ఉదయం 11.30

మణెమ్మ వినలేదు. “పండగ పూట గుడికి రాని మనిషికి నేను కోడి కూర వండను” అంది. వెళ్ళాను. వెనక బల్ల మీద కూర్చున్నాను.

ముందు బల్ల మీద జక్కయ్య ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. వెనక్కు తిరిగి నన్ను చూశాడు. పక్కన ఖాళీని అరచేత్తో తట్టాడు. వెళ్ళి కూర్చున్నాను. అతను చిక్కిపోవటంతో బల్ల మీద చోటు ఎక్కువైంది.

అయ్యగారు, “ఆరంభ ప్రార్థన మన ఆరోన్ గారు చేస్తారు” అన్నారు. నాకు ఎవరూ ముందు చెప్పలేదు. జక్కయ్య పలక వైపు చూశాను. బోర్లా పెట్టి ఉంది.

నిలబడ్డాను. అన్నం ప్రార్థన వచ్చింది, నోట్లోనే ఆపాను. అది ఆపాక ఇంకేమీ మిగల్లేదు. ఫ్యాను చప్పుడు వినిపించింది. చెప్పాల్సింది ఒకటే ఉంది. ఇతను నా పక్కన కూర్చుని ఉన్నాడు అని. అది దేవుడికి కనిపిస్తూనే ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గడియారం నా వెనక ఉంది.

అప్పుడు నా పక్కన బల్ల మీద రెండు దెబ్బలు.

గుడి అంతా “ఆమేన్” అంది. కూర్చున్నాను.

ఏప్రిల్ 21, సోమవారం. ఉదయం 5.30

పుస్తకాలు ఈ రోజు మార్చుకుంటారు. నాది జక్కయ్యకే ఇవ్వమని నిన్ననే అమ్మగారిని అడిగాను. నోటితోనే అడిగాను. ఆమె ఒప్పుకున్నారు. మణెమ్మకు ఆవకాయ కొలతలకు వేరే కాగితం దొరికింది.

ఈ రోజు నుంచి తీర్మానం మళ్ళీ మొదలు:

1. ఈ వారం కాలవ గట్టు.
2. వచ్చే వారం ఇంట్లో.

మూడోది ఇప్పుడే రాయను.

గట్టు మీద నుంచే రాస్తున్నాను. “తండ్రీ” అన్నాను. కొంగ లేవలేదు. అలవాటు పడినట్టుంది.

జక్కయ్యా, మొదట్నుంచీ చదివావు కాబట్టి అన్నీ తెలుసు. ఇక ఒకటే అడగాలి. నిన్న నువ్వు కొట్టిన రెండు దెబ్బలు, అవి ఆమేన్ అనా, ఆపమనా? గుడి అంతా ఆమేన్ అనుకుంది. నాకు మాత్రం తెలియలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ నన్నే పిలుస్తానని అయ్యగారు అంటున్నారు.

పలక మీద వద్దు, చెరిగిపోతుంది. ఈ పేజీలోనే కింద రాయి. ఆదివారం లోపు నాకు అందాలి. త్వరగా జవాబు రాయి.