కుడి చెవి కింద పుట్టుమచ్చ

అమ్మా,

ఈ సంగతి ఫోన్లో అడుగుదామంటే పక్కన నాన్న ఉంటాడు. అందుకే ఉత్తరం. చదివాక చించెయ్యి.

మ్యూజియంలో మాకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పని. మడత కుర్చీ వేసుకుని బొమ్మ ముందు కూర్చుని పెన్సిల్‌తో నకలు తీయడం. నిన్న మాస్టారు నన్ను పెద్దాయన గదిలో కూర్చోబెట్టారు. పెళ్ళికి ముందు ఒకాయన దగ్గర రంగులు కలిపే పని చేశానని నువ్వు ఒక్కసారి నోరు జారావే, ఆయన బొమ్మలే గది నిండా. నా వంతుకి వచ్చినదాని కింద ‘అజ్ఞాత స్త్రీ’ అని ఉంది. పైట జారిన భుజం, సూటిగా చూసే కళ్ళు. చెయ్యి చాచి, పెన్సిల్ అడ్డం పెట్టి నుదురు కొలిచాను, ముక్కు కొలిచాను. గడ్డం దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ దించేశాను. ఆ కొలతలు నా చేతికి తెలుసు. నువ్వు నిద్రపోతుంటే దొంగచాటుగా ఎన్నిసార్లు వేశానో.

పక్కన కూర్చున్న పొడుగుపిల్ల నవ్వుతూ, “ఈవిడ పెద్దాయనకి ఏమవుతుందంటావ్?” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మాస్టారు మాత్రం, “ఆ చూపు పట్టుకో అమ్మాయ్. ఎదుటి మనిషిని కొలుస్తున్నట్టుంది చూడు. శుక్రవారం ఈ బొమ్మ గురించి అందరి ముందూ నువ్వే మాట్లాడాలి,” అన్నారు. ఏం మాట్లాడను?

నేను ఈ బొమ్మల చదువులో చేరతానంటే నువ్వెందుకు అన్నం మానేశావో ఇప్పుడు అర్థమైనట్టే ఉంది. అర్థం కాకపోయినా బాగుండేది. ఆయన ముందు అలా కూర్చున్నావా? నాన్నకి తెలుసా? కోపంతో రాస్తున్నాను, భయంతో కూడా. ఒక్కటే ఆశ. నీ పుట్టుమచ్చ ఎడమ చెవి కింద. బొమ్మలో కుడి చెవి కింద ఉంది. అంత పెద్దాయన పొరబడతాడా? అది నువ్వు కాదని ఒక్క ముక్క రాయి. అబద్ధమైనా నమ్ముతాను.

నీ చిట్టి


చిట్టితల్లీ,

కాదని రాయమన్నావు. రాయలేను. అది నేనే.

కానీ నేను ఎవరి ముందూ కూర్చోలేదు. అద్దం ముందు కూర్చున్నాను. అద్దంలో చూసి వేసుకుంటే ఎడమది కుడివైపు పడుతుంది, నీకు నేర్పలేదా? తిప్పి వేయాలని నాకప్పుడు తోచలేదు. పెద్దాయన ఊళ్ళో లేడు. ఎండకి గది ఉడికిపోతోంది, పైట జారినా ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. కలిపిన రంగులు పారబోయడం ఇష్టంలేక మొదలుపెట్టాను. మీ మాస్టారు చెప్పిన చూపు కూడా అదే. నన్ను నేను కొలుచుకుంటున్నాను.

ఆయన తిరిగొచ్చి చాలాసేపు చూశాడు. “నీ పేరు పెడితే ఎవరు చూస్తారే పిచ్చిదానా,” అని కింద తన సంతకం పెట్టేసుకున్నాడు. మర్నాటి నుంచి పనిలోకి వెళ్ళలేదు, మళ్ళీ కుంచె పట్టలేదు. మీ నాన్నకి పెళ్ళికి ముందే చెప్పాను. “పద, వెళ్ళి నిలదీద్దాం,” అన్నాడు. నాకే ధైర్యం చాలలేదు. నువ్వు ఆ చదువంటే అన్నం మానేసింది సిగ్గుతో కాదే తల్లీ. నీ చేతిలోది కూడా ఎవడో లాక్కుంటాడని.

శుక్రవారం నువ్వు మాట్లాడకు. నేనూ నాన్నా వస్తున్నాం. నేనే మాట్లాడతాను. నమ్మకపోతే అక్కడే కూర్చుని, మీ మాస్టారి ముందే మళ్ళీ వేస్తాను. ఇన్నేళ్ళ తర్వాత చెయ్యి మాట వింటుందో లేదో, భయంగానే ఉంది. నువ్వు నా పక్కన నిలబడు చాలు.

మీ అమ్మ