చుక్క లేని గురువారం

ప్రియమైన సెలవుల గుమాస్తా గారికి,

కొత్త సంవత్సరం సెలవుల ముసాయిదా మా బడి నోటీసు బోర్డుకెక్కింది. వెనకవీధి వాళ్ల పండగ అందులో ఉంది! నలభై ఇళ్ల మతానికి ఇన్నేళ్లకు ఒక రోజు దక్కింది. కిందటేడు సరిగ్గా ఆ రోజే లెక్కల పరీక్ష పెట్టి, రాలేదని నా క్లాసు పిల్లకి సున్నా వేయించిన హెడ్మాస్టరు ఇవాళ ఆ జాబితా ముందు నిలబడి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నాలుగొందల పన్నెండు సంతకాలు! వాటికోసం ఇంటింటికీ తిరిగి అరిగిపోయిన నా చెప్పులు పార్సిల్ చేస్తాను, మీ సెక్షన్ బీరువాలో దాచుకో.

ఫైలు నీ చేతి మీదుగా నడిచిందని తెలుసు. సంతోషం. అయిపోయింది సంతోషం, ఇక తిట్లు.

వాళ్ల పండగ పక్కన ఆ చుక్క గుర్తేమిట్రా? మొదటి నెలలో బుధవారం మనవాళ్ల పండగ, చుక్క లేదు. శుక్రవారం ఇంకొకళ్లది, లేదు. శనివారం మరొకళ్లది, లేదు. మధ్యలో గురువారం వీళ్లది, దానికొక్కదానికే చుక్క! అడుగున చీమతలకాయంత అక్షరాలతో ‘ప్రత్యేక ఉత్తర్వులకు లోబడి’ అట. పెద్దవాళ్లవి పండగలు, వీళ్లది షరతుల మీద ఇచ్చిన పండగానా? ఇంటికి రమ్మని పిలిచి గుమ్మం బయట స్టూలు వేసినట్టుంది.

మీ బావ బాగానే ఉన్నారు. కాళ్లు వాస్తున్నాయని ఈ నెల నుంచి సోమ, గురువారాలు పెద్దాసుపత్రికి వెళ్లొస్తున్నారు. కంగారుపడి పరిగెత్తుకు రాకు.

కోపంతోనే, ప్రేమగా,
అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ కవరు చూడగానే పక్క సీటాయన “మీ అక్కగారిదేనా? పట్టుకారు ఇవ్వమంటారా?” అన్నాడు.

ఆ చుక్క అవమానం కాదక్కా. అవసరం కోసం పెట్టింది. ఏ అవసరమో ఉత్తరంలో రాయను. పోయినసారి నేను రాసిన నాలుగు ముక్కలు ‘సెక్షన్‌లోని ఒక నిజాయితీపరుడి మాట’ అని పత్రికలో వేశావు. సెక్షన్‌లో ఉన్నదే ముగ్గురం. ఒకాయన మూణ్నెల్లుగా సెలవులో ఉన్నాడు, ఇంకొకాయన్ని నిజాయితీపరుడని ఎవరూ అనుకోరు. మెమో నాకొచ్చింది. కలిసినప్పుడు చెప్తాను. అప్పటిదాకా ఆ చుక్క జోలికి పోకు. ఈ ఒక్కటీ నా మాట విను.

కాళ్ల వాపుకి వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రి ఏమిటి? అసలు సంగతేమిటో బావ చేత రాయించు.

నీ తమ్ముడు

*

ప్రియమైన నోరులేని తమ్ముడికి,

పైకి చెప్పుకోలేని కారణం మంచి కారణం ఎలా అవుతుందిరా? అవసరమట! అవసరం వచ్చినప్పుడల్లా ఈ ప్రభుత్వానికి నలభై ఇళ్లవాళ్లే ఎందుకు గుర్తొస్తారు? అంత అవసరమైతే బుధవారం మీద పెట్టండి. మన పండగ మీద పెట్టండి. చెయ్యి వణుకుతుందా?

వెనకవీధికి వెళ్లాను. ఆ పిల్ల తండ్రి, వడ్రంగి, తలుపుకి చిత్రిక పడుతూ “రోజు దొరికింది కదా టీచరమ్మా, చుక్కదేముంది, ఉండనివ్వండి” అన్నాడు. “ఆ ఉండనివ్వండే మీ కొంప ముంచింది” అని అరిచాను. పాపం, చిత్రిక కింద పెట్టేశాడు.

వ్యాసం రాశాను. పత్రిక ఆదివారం వేసింది. కత్తిరించి పంపుతున్నాను. నీ ఊసు ఎక్కడా లేదు, భయపడకు.

ఇదిగో, మీ బావ పెన్ను లాక్కుంటున్నారు.

‘బావమరిదీ, మీ అక్క ఇప్పుడు నాతో కాదు, ఆ చుక్కతో కాపురం చేస్తోంది. ఆసుపత్రి పుణ్యమా అని వారానికి రెండు పూటలు నాకు ప్రశాంతత. నువ్వొచ్చి మొహం వేలాడేసుకుని దాన్ని చెడగొట్టకు. నేను బ్రహ్మాండంగా ఉన్నాను.’

చూశావుగా. అంతే సంగతులు.

తగ్గని నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

చుక్క తీసేశారు. నీ వ్యాసం మంత్రి పేషీ దాకా వెళ్లింది.

దాన్ని ఇంకో రోజు మీదికి మార్చమని నేను నోటు రాశాను. సూపర్నెంటు చదివి నవ్వాడు. “ఏ రోజు మీదికి నాయనా? బుధవారమైతే ఒకళ్లు, శుక్రవారమైతే ఇంకొకళ్లు మన గేటు ముందు టెంటు వేస్తారు. వీళ్లయితే వెయ్యరనేగా ఇక్కడ పెట్టింది” అన్నాడు. నువ్వన్నదే నిజం, అక్కా. ఎక్కడా చుక్క లేకుండానే జాబితా అచ్చుకెళ్లింది. నేనూ కింద పొట్టి సంతకం పెట్టాను.

గెలిచావు. నాకెందుకో సంతోషంగా లేదు. పండగలవగానే వస్తాను, మాట్లాడాలి.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఎందుకురా ఆ ఏడుపు! రేపటినుంచి ఐదు రోజులు ఊరంతా సెలవు. గురువారం మధ్యాహ్నం వడ్రంగి ఇంట్లో భోజనానికి పిలిచారు. ఆ పిల్ల స్వయంగా వచ్చి, చెప్పులు బయట విప్పి, పాఠం అప్పజెప్పినట్టు పిలిచింది. మీ బావ ఆసుపత్రి పని చూసుకుని నేరుగా అక్కడికే వస్తానన్నారు. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు.

ఎన్నాళ్లకో గెలిచిన,
అక్క

*

అక్కా,

నీ ఇంట్లో ఆరు రోజులున్నాను. చెప్పలేకపోయాను. బస్సెక్కాక కూడా దిగి వెనక్కి రావాలనిపించింది.

ఆసుపత్రుల్లో అత్యవసర విభాగం తప్ప మిగతా గదులన్నీ జాబితా ప్రకారమే మూస్తారు. వరసగా మూడు రోజులకు మించి మూతపడే చోట ఒక రోజు తెరవాలని పాత ఉత్తర్వు ఉంది. ఆ తెరవాల్సిన రోజుకి గుర్తే చుక్క. ఇంత పొడుగు వరస ఇదే మొదటిసారి. డయాలసిస్ గది కూడా అందులోదే. నాకు తెలుసు. తెలిసే పొట్టి సంతకం పెట్టాను. ఒక్క మెమోకి భయపడి నీకు ఒక్క వాక్యం రాయలేదు.

బావకి డయాలసిస్ అని మీరిద్దరూ ఒక్క వాక్యం రాసుంటే... లేదు, ఆ మాట అనే హక్కు నాకు లేదు. బావ కాకపోయినా ఎవరో ఒకరు ఆ తలుపు ముందు నిలబడేవారేగా. వాళ్లకోసమైనా నోరు విప్పాల్సింది.

తిట్టు, అక్కా. రాసి తిట్టు.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

తిట్టడానికి ఓపిక లేదు. మీ బావ చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదు. మన ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. చుక్క గురించి పేజీలకు పేజీలు. మీ బావ గురించి మొత్తం కలిపినా అరపేజీ లేదు.

ఆసుపత్రికి పండగేమిటి అనుకున్నాను. గురువారం పొద్దున నేనూ వెంట వెళ్లాను, ఆ గదికి తాళం. తలుపు మీద మీ జాబితా, నేను గెలిచిన జాబితా. వాచ్‌మన్ “సోమవారం రండమ్మా” అన్నాడు. మీ బావ ఆ కాగితం చదివి “నీ సంతకాల పవరు చూశావా!” అని నవ్వారు. కొత్త చొక్కాతోనే వడ్రంగి ఇంటికి వచ్చి, ముద్ద తినకుండా కూర్చున్నారు. శుక్రవారానికి ఆయాసం. అత్యవసరం వాళ్లు ఆక్సిజన్ పెట్టారు. మిషన్ నడిపే నర్సమ్మ ఊరెళ్లింది. ఆదివారం పొద్దున మీ బావ ఆఖరిగా “సోమవారం ఇంకెంత దూరం?” అని అడిగారు. అంతే.

నేనన్నది తప్పు కాదు. అదే నన్ను తినేస్తోంది. తప్పయితే తల బాదుకుని ఊరుకునేదాన్ని.

నువ్వెళ్లాక ఒక అర్జీ రాశాను. వచ్చే ఏడూ ఆ పండగలు పక్కపక్కనే పడుతున్నాయి కాబట్టి చుక్క మన పండగ మీద పెట్టమని. నాలుగొందల పన్నెండు సంతకాలు ఇచ్చిన గుమ్మాలే మళ్లీ ఎక్కాను. కుర్చీ వేస్తారు, “ఎంత కష్టమొచ్చింది టీచరమ్మా” అంటారు, అర్జీ చదివి పెన్ను మూత పెట్టేస్తారు. ఒకావిడ అనేసింది కూడా: “చుక్క ఉండాల్సిందేలెండి, కానీ మన రోజు మీదెందుకు? అప్పుడు మీరు తెచ్చిన కొత్త సెలవుందిగా, దానిమీద పెట్టించండి.” అప్పటి సంతకాలు ఎందుకు పెట్టారో నాకిప్పుడు తెలిసింది. వెనకవీధి మీద ప్రేమతో కాదు, తమకీ ఇంకో రోజు సెలవొస్తుందని. ఈ అర్జీ మీద ఒక్క సంతకం ఉంది, నాది.

నిన్న వడ్రంగి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఒక కాగితం ఇచ్చాడు. చుక్క తమ రోజు మీదే పెట్టమని, నలభై ఇళ్ల సంతకాలు. రెండో వరసలో నా క్లాసు పిల్లది, గుండ్రంగా. “మాకు అలవాటేనమ్మా, ఉండనివ్వండి” అన్నాడు. ఈసారి నేను అరవలేదు.

రాత్రంతా ఆ కాగితం చించడానికి చూశాను. మీ బావ పక్క మంచం ఆవిడ ఇంకా బతికే ఉంది, ఆవిడదీ గురువారమే.

కాగితం ఈ కవర్లోనే ఉంది. పెట్టు. వాళ్ల రోజు మీదే పెట్టు.

అక్క